అడుగు పడని వాలు

తాష్-కొర్గోలో చలి గురించి ఎవరైనా తగ్గించి చెబితే వాళ్ళు ఆ ఊరివాళ్ళు కాదన్నమాటే. జనవరిలో అక్కడ ఆవును పితికితే పాలధార గిన్నెలో పడేలోపే దారంలా గడ్డకట్టేదనీ, ఆడవాళ్ళు ఆ దారాన్ని ఉండ చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవారనీ చెబుతారు. ఒక పెద్దావిడ ఆ దారంతో మేజోళ్ళు కూడా అల్లిందట. పొయ్యి పక్కన కూర్చుని ముడి వేయబోతుంటే పిల్లి నాకేసిందట. ఇందులో నిజమెంతో మీరే తేల్చుకోండి. అలాంటి చలిలో కొండవాలు మీద నిలబడి గొర్రెతోలు కోటు బొత్తాలు విప్పుకునే మనిషి ఒకడుండేవాడన్నది మాత్రం నికరమైన నిజం. అతని పేరు ఒస్మొన్. ఆ కోటు లోపల, కడుపుకు ఆనించి, అతని కెమెరా ఉండేది.

కెమెరాను బయట వేలాడదీసుకుంటే లోపలి నూనె బిగుసుకుపోయి మీట పడదు. ఫిల్ము ఎండు రొట్టెలా పుటుక్కున విరుగుతుంది. అందుకని ఒస్మొన్ ముందు ఉత్త కళ్ళతో అంతా చూసుకునేవాడు. ఎక్కడ నిలబడాలో అడుగులతో కొలుచుకునేవాడు. అద్దం మీద ఆవిరి పట్టకుండా ఊపిరి బిగబట్టి, కోటు తెరిచి, ఒక్కటంటే ఒక్క ఫొటో తీసి, పసిబిడ్డను దాచినట్టు కెమెరాను మళ్ళీ లోపల దాచుకునేవాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఒక మనిషి కొండకు తన పొట్ట చూపించి సిగ్గుపడి కప్పుకుంటున్నట్టు ఉండేది.

ఊరి గొర్రెల్నీ భూముల్నీ నడిపే సర్కారు సమష్టి క్షేత్రం వాళ్ళ క్లబ్బులో వెనకవైపు గది అతనిది. ఎర్ర దీపం, మూడు పళ్ళేలు, తీగకు వేలాడే తడి ఫొటోలు. గుర్తింపు కాగితాల కోసం ఊళ్ళో అందరి మొహాలూ తీసేవాడు. పెళ్ళిళ్ళు తీసేవాడు. బాగా పనిచేసిన కాపరుల బొమ్మలు క్లబ్బు ముందున్న గౌరవ పలక మీద పెట్టేందుకు తీసేవాడు. వాళ్ళు చచ్చిపోయాక అదే మొహాన్ని కోలగా కత్తిరించి సమాధి రాయికి ఇచ్చేవాడూ అతనే. అవన్నీ కూటి కోసం చేసిన పనులు. ఎవరూ అడగకుండా అతను తీసేవి వేరే ఉండేవి. పిడకల గుట్ట మీద టోపీలా కూర్చున్న మంచు. ఆవు నాలుక పెట్టిన చోట మాత్రమే కరిగిన తొట్టి అంచు. తెల్లటి మైదానంలో ఎటో వెళ్ళిపోతున్న కంచె గుంజలు. ఆ ఊళ్ళో రోజూ అందరూ చూసి చూడకుండా దాటిపోయేవే.

ఒకసారి వాటిలో ఒకటి దుకాణంలో సబ్బుల బీరువా పక్కన అంటించాడు. దుకాణం నడిపేవాడు చాలాసేపు చూశాడు.

"ఎవరూ లేరేం ఇందులో?" అన్నాడు.

"ఎవరూ లేరు."

"రమ్మంటే రాలేదా?"

"పిలవలేదు."

"అయ్యో పాపం. పిలిస్తే నేనొచ్చేవాణ్ణి కదయ్యా, కొత్త టోపీ కూడా ఉంది."

బైబొసున్ తాతకైతే ఏకంగా కోపమే వచ్చింది. డెబ్బై దాటిన ఆ ముసలి కాపరి పొడుగు లాగు తీగ మీద ఆరేసి ఉండగా గడ్డకట్టి, గాలికి తలుపులా ఊగుతుంటే ఒస్మొన్ దాన్ని ఫొటో తీశాడు. "వీడమ్మ కడుపు మాడ! అరవయ్యేళ్ళు గొర్రెలు కాశాను. నన్ను తియ్యలేదు, నా లాగుని తీశాడు! చస్తే నా సమాధి మీద కూడా దాన్నే పెడతాడేమో," అని ఊరంతా తిరిగి చెప్పాడు. ఆ ఫొటో ఎంత బాగుందో మాత్రం ఎవరూ అనలేదు. పొద్దుటి వెలుగు ఆ గుడ్డలోంచి పాలరంగులో దిగుతుంటుంది.

ఒస్మొన్ భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు జెక్షెన్. ఇద్దరికీ ఆరేళ్ళ తేడా. ఒస్మొన్‌కు ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చలికాలపు మేతకని గొర్రెలతో కొండల్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత పెద్దవాణ్ణి జిల్లా బడికి, హాస్టలుకి పంపేశారు. చంకబిడ్డగా ఉన్న చిన్నవాణ్ణి వాళ్ళ సొంత తాత తన జీను మీద కట్టుకుని కొండల్లోకి తీసుకుపోయాడు. అలా ఒకడికి అక్షరాలు వచ్చాయి, సైన్యంలో కెమెరా వచ్చింది. ఇంకొకడికి మంచు వచ్చింది. జెక్షెన్ మంచును చేత్తో పట్టుకుని నలిపి, అది ఎన్నాళ్ళ కిందట ఏ గాలికి పడిందో చెప్పేవాడు. క్షేత్రంవాళ్ళు ఆరువందల ఇరవై గొర్రెల్ని అతని చేతిలో పెట్టారు. పదకొండు చలికాలాలుగా అతని మందలో నష్టం వేళ్ళ మీద లెక్కపెట్టేంతే.

ఆ ఏడు ఫిబ్రవరిలో గౌరవ పలక కోసం జెక్షెన్ బొమ్మ తీసుకురమ్మని క్షేత్రం ఆఫీసు ఒస్మొన్‌ని పంపింది. తమ్ముడి చలికాలపు విడిది ఊరికి ఒక పూట ప్రయాణం. ముందు రోజుల్లో కొండ శిఖరాల మీద వెచ్చటి తడిగాలి తిరిగింది. ఊరివైపు మాత్రం ఒక్క చినుకూ రాలేదు, మబ్బు పట్టి విడిచిందంతే. పంతొమ్మిదో తేదీ పొద్దున్న ఆకాశం తుడిచిన గాజులా ఉంది. చలి పళ్ళు జివ్వుమనేలా ఉంది. వెలుగు చూసి ఒస్మొన్‌కు మనసాగలేదు. విడిదికి నేరుగా వెళ్ళకుండా గుర్రాన్ని కనుమ మీదికి తోలాడు.

కనుమ అవతల లోయ పేరు కారా-తొర్. మార్చి వస్తూనే జెక్షెన్ మంద దిగే చోటు అది. కనుమ మీదికి చేరి గుర్రం దిగిన ఒస్మొన్ ఊపిరి బిగబట్టాల్సిన అవసరం లేకపోయింది. దానంతట అదే ఆగిపోయింది.

అవతలి వాలు మొత్తం వెలుగుతోంది. మంచు మామూలుగా పిండిలా మెత్తగా తెల్లగా ఉంటుంది. ఇది అలా లేదు. ఎవరో కొండంత వెండి పళ్ళేన్ని తోమి ఏటవాలుగా ఆనించినట్టుంది. మేఘం నీడ దాని మీద జారుతుంటే మెరుపు ఆరిపోయి మళ్ళీ పుడుతోంది. ఎక్కడా ఒక గీత లేదు, ఒక నలక లేదు. ఈ మెరుపును ఎప్పుడో ఎక్కడో చూసినట్టు అతనికి అనిపించింది. ఎక్కడో గుర్తుకు రాలేదు. అందమైనవన్నీ అలాగే అనిపిస్తాయిలే అనుకున్నాడు. మేఘం నీడ సరిగ్గా అంచుకు వచ్చేదాకా కాచుకుని, కోటు తెరిచి, మీట నొక్కాడు. బతుకులో తీసిన ఫొటోలన్నీ ఈ ఒక్కదాని కోసం చేసిన సాధన అని ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

విడిది చేరేసరికి పొద్దు వాలుతోంది. జెక్షెన్ గొర్రెల దొడ్డి ముందు నిలబడి ఉన్నాడు. అన్నను గుర్రం దించి, చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. అతని భార్య ఉల్కాన్ ఉడికిన మాంసం, ఉప్పేసిన పాల టీ, నూనెలో వేయించిన బూర్సోక్ పిండి ముక్కలు పెట్టింది. కోడలు బావగారి పేరు పలకడం అక్కడ తప్పు. ప్రతి కోడలూ తనకు తోచిన పేరు ఒకటి పెట్టుకుంటుంది. ఒక కన్ను మూసి చూస్తాడని ఉల్కాన్ ఒస్మొన్‌ని ఒంటికన్ను బావగారు అనేది.

"ఒంటికన్ను బావగారు ఇవాళ వెలిగిపోతున్నారేం? ఎవర్నైనా చూసుకున్నారా?" అంది టీ పోస్తూ.

ఒస్మొన్ నోట్లో మాట దాగలేదు. "ఇవాళ కనుమ ఎక్కాను ఉల్కాన్. అవతల ఒక ఫొటో తీశాను. మామూలు ఫొటో కాదది..."

"అందులో ఎవరున్నారు?"

ఒస్మొన్ బూర్సోక్ ముక్క ఒకటి తీసి టీలో ముంచాడు.

"ఎవరూ లేరు కదూ!" ఉల్కాన్ పకపకా నవ్వింది. "పోనీ ఈసారి లాగైనా ఉందా?"

జెక్షెన్‌కు టీ పొలమారింది. భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. ఒస్మొన్ కూడా నవ్వాడు. నవ్వి, చెప్పబోయిందంతా టీతో పాటు మింగేశాడు. వెండి పళ్ళెం గురించీ, మేఘం నీడ గురించీ వీళ్ళకు చెబితే రేపటికి ఊళ్ళో ఇంకో కథ అవుతుంది.

వెలుగుండగానే దొడ్డి ముందు తమ్ముణ్ణి నిలబెట్టి బొమ్మ తీశాడు. మర్నాడు పొద్దున్న బయలుదేరుతుంటే జెక్షెన్ గుర్రం కళ్ళెం పట్టుకుని కొంతదూరం నడిచాడు.

"ఇక్కడ మేత అయిపోవచ్చింది అన్నా. ఇంకో పదిరోజులు లాగుదామనుకున్నాను, కానీ గాలి మారుతోంది. పెద్ద తుపాను వచ్చేట్టుంది. అదొచ్చి కనుమ మూసేలోపే గొర్రెల్ని దాటించాలి. పోయి చూసి రావడానికి ఒక రోజు పడుతుంది, ఆ రోజు లేదు నాకు. నువ్వు నిన్న పైకెళ్ళావుగా. అవతల ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు ఒస్మొన్.

"బాగుందా?"

"చాలా బాగుంది తమ్ముడూ."

జెక్షెన్ కళ్ళెం వదిలి గుర్రం మెడ మీద తట్టాడు. కాపరుల నోట ఆ మాటకు ఒకటే అర్థం ఉంటుంది. మంచు పలచగా ఉంది, గిట్టతో గీరితే గడ్డి అందుతుంది, తోలుకు పో అని. ఒస్మొన్ నోట దానికి ఇంకో అర్థం ఉంది. ఒక అమ్మ కడుపున పుట్టిన ఇద్దరూ ఒకే మాట అనుకుని, చెరో అర్థం పట్టుకుని విడిపోయారు. ఇరవై ఒకటో తేదీన జెక్షెన్ ఆరువందల ఇరవై గొర్రెల్ని కనుమ దాటించాడు. అదే సాయంత్రం తుపాను వచ్చి కనుమ మూసేసింది.

ఎనిమిదో రోజున, కనుమలో దారి దొరకగానే, మందతో వెళ్ళిన ఉల్కాన్ గుర్రం మీద ఊళ్ళోకి వచ్చింది. ఆమె బుగ్గలు చలికి కాలి నల్లబడ్డాయి. ఆఫీసులో చెప్పాల్సింది చెప్పి, క్లబ్బు వెనక గదికి వచ్చింది. ఒస్మొన్ అప్పుడే తన ఫొటోను ఉన్నవాటిలోకెల్లా పెద్ద కాగితం మీద తీసి తీగకు తగిలించి, దూరం నుంచి చూసుకుంటున్నాడు. తలుపు చప్పుడుకు వెనక్కి తిరిగాడు.

"ఉల్కాన్! ఏమైంది? జెక్షెన్ ఏడీ?"

ఆమె అతన్ని చూడలేదు. తడి ఫొటో ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఇది కారా-తొర్."

"అవును. జెక్షెన్ ఏడీ అంటే?"

"బతికే ఉన్నాడు. దీన్ని ఎప్పుడు తీశారు బావగారూ?"

"మీ ఇంటికి వచ్చిన రోజే. చెప్పబోయాను, నువ్వు..."

ఉల్కాన్ కాళ్ళు మడిచి నేల మీద చతికిలబడింది. ఒక్క మాట అంది. "జుత్."

ఆ మాటను ఆ కొండల్లో ఎవరూ నోటితో అనరు. అంటే పిలిచినట్టవుతుందని భయం. తప్పనిసరైతే తెల్లది అంటారు. వెచ్చటి గాలికి మంచు పైపైన కరిగి, వెంటనే చలికి బిగుసుకుపోయి అద్దంలా గట్టిపడుతుంది. గొర్రె గిట్టతో కొడితే పగలదు. పగిలితే ఆ అంచులు కత్తుల్లా కాళ్ళు కోస్తాయి. కింద మోకాలెత్తు గడ్డి ఉంటుంది, పైన మంద ఆకలితో నిలబడి చస్తుంది. ఉల్కాన్ ఆ మాట అనగానే ఒస్మొన్‌కు ఆ మెరుపును తానెక్కడ చూశాడో గుర్తుకొచ్చింది. ఏడేళ్ళప్పుడు, వాళ్ళ నాన్నను వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఒకరి జీను మీద తననూ కూర్చోబెట్టుకున్నారు. ఎండ వచ్చింది. అంతా మెరిసింది. కేరింతలు కొడుతూ తాను చప్పట్లు చరిచాడు. ఎవరో తన నోరు మూశారు.

డెబ్బై ఒక్క గొర్రెలు మిగిలాయి. మిగతావి నిలబడ్డచోటే పోయాయి. జెక్షెన్ గొడ్డలితో మంచు పెంకు పగలగొడుతూ ఐదు రోజులు నిద్రపోలేదని, చివరికి గొడ్డలి పిడి విరిగితే చేతులతో గీరాడని ఉల్కాన్ చెప్పింది.

ఏప్రిల్‌లో విచారణ సంఘం వచ్చింది. సంఘానికి అధ్యక్షుడు పట్నం మనిషి, తోలు సంచి, మంచి బూట్లు. స్థానికుల తరఫున బైబొసున్ తాతను కూర్చోబెట్టారు. క్లబ్బు హాలులో బల్ల వేశారు. ప్రకృతి వైపరీత్యమని తేలితే జెక్షెన్ మీద మచ్చ ఉండదు, కొత్త మంద ఇస్తారు. కాపరి నిర్లక్ష్యమని తేలితే శిక్ష పడుతుంది, మళ్ళీ జన్మలో గొర్రెల్ని అతని చేతికివ్వరు. తేలాల్సింది అదొక్కటే. ఒస్మొన్ వెనక బెంచీలో, ఫొటోను కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అధ్యక్షుడు జెక్షెన్ రాసిచ్చిన వాంగ్మూలం తీసి చదివాడు. "ఇరవై ఒకటిన కనుమ దాటాము. అవతల తెల్లది వచ్చి ఉంది." తల ఎత్తాడు. "కామ్రేడ్, తెల్లది అంటే ఏమిటి?"

జెక్షెన్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "తెల్లదే అయ్యా."

"మంచా?"

"మంచు కాదు. తెల్లది."

"చలికాలంలో తెల్లది రాక పచ్చది వస్తుందా?" హాలులో నవ్వారు. "నేను నిన్న ఆ లోయకు పోయి చూసి వచ్చాను. మోకాలెత్తు గడ్డి ఉంది. మంచుగడ్డ ఉందంటావు, ఏదీ? చూపించు."

ఏప్రిల్‌లో జుత్‌ను ఎవరు చూపించగలరు? కరిగి ఏరులో కలిసి ఎప్పుడో పోయింది. ఒస్మొన్ లేచాడు. "నేను చూపిస్తానండీ," అంటూ బల్ల దగ్గరకు నడిచి కాగితం విప్పాడు.

అధ్యక్షుడు ఫొటోను వెలుగుకు తిప్పుకున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో ఒస్మొన్ ఫొటోను అంత శ్రద్ధగా చూసిన మొదటి మనిషి అతనే.

"అబ్బ, ఎంత అందంగా ఉందయ్యా ఇది! ఎండ చూడు, ఆ నీడ చూడు. గోడ క్యాలెండరు మీద వెయ్యచ్చు. నువ్వా తీసింది? భేష్." ఫొటోను బల్ల మీద పెట్టాడు. "కానీ ఇందులో వైపరీత్యం ఎక్కడుంది?"

"అందంగా లేదండీ," అన్నాడు ఒస్మొన్. "సరిగ్గా చూడండి. ఆ మెరుపే అండీ. ఆ మెరుపే చంపింది. అది అందం కాదు."

"ఇటివ్వు," అన్నాడు బైబొసున్ తాత.

ముసలాయన ఫొటోను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు. మెల్లగా తలమీది తోలు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. హాలులో గుసగుసలు ఆగిపోయాయి.

"ఇది తెల్లదే," అన్నాడు. "నా ఎనిమిదో ఏట చూశాను. మళ్ళీ వీళ్ళ నాన్న పోయినప్పుడు చూశాను. ఇది మూడోసారి. గొడ్డలి దిగదు దీంట్లో. పట్నం బాబూ, రాసుకో. దీని ముందు ఏ కాపరీ ఏమీ చెయ్యలేడు."

అధ్యక్షుడు కలం తీశాడు. గట్టెక్కామనుకున్నాడు ఒస్మొన్. తమ్ముడి వైపు చూశాడు. జెక్షెన్ మాత్రం నేల చూస్తున్నాడు. అతనికి అప్పటికే తెలుసు.

బైబొసున్ తాత ఫొటోను ఇంకా వదల్లేదు. వేలితో వాలంతా మెల్లగా తడుముతున్నాడు. అరవయ్యేళ్ళు జాడలు వెతికిన వేలది. అది ఆగిపోయింది. ఆయన మొహం పాలిపోయింది. ఫొటోను బోర్లించబోయాడు, కానీ అధ్యక్షుడు చూడనే చూశాడు.

"ఏమిటి తాతా?"

"ఏం లేదు."

"చెప్పాలి. సంఘం ముందున్నారు మీరు."

"జాడలు లేవు," అన్నాడు ముసలాయన. మాట సరిగా వినిపించలేదు. "ఆరువందల గొర్రెలు తొక్కిన వాలు మీద ఒక్క గిట్ట జాడ లేదు. అంటే, ఇది అవి దిగకముందు తీసింది."

అధ్యక్షుడు కలాన్ని బల్ల మీద పెట్టాడు. "ఏ రోజు తీశావు ఈ ఫొటో?"

అబద్ధమాడే దారి లేదు. ఇరవై ఒకటిన మంద దిగిన సాయంత్రమే కనుమ మూసుకుపోయింది. "పంతొమ్మిదిన," అన్నాడు ఒస్మొన్.

"అంటే గొర్రెల్ని తోలడానికి రెండు రోజుల ముందే అక్కడ మంచుగడ్డ ఉంది. వెళ్ళి చూసి ఉంటే కాపరికి కనబడేది. చూడకుండా తోలాడు."

"వాడు నన్ను అడిగాడండీ! నేను చూశానని నన్ను అడిగాడు. బాగుందని చెప్పాను. ఫొటో బాగుందని చెప్పాను నేను. గొర్రెల సంగతి నాకు తట్టనే లేదు. తప్పు నాదండీ. రాసుకోండి. నా పేరు రాసుకోండి."

అధ్యక్షుడు జెక్షెన్ వైపు తిరిగాడు. "నిజమేనా? ఈయన మాట మీద తోలావా?"

జెక్షెన్ తల ఎత్తాడు. అన్న మొహంలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని ఒస్మొన్ ఆశగా వెతికాడు. ఉంటే బాగుండేది.

"లేదండీ," అన్నాడు జెక్షెన్. "మా అన్న ఏమీ చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఫొటోలు తీసుకునే మనిషిని మేత సంగతి ఏ కాపరైనా అడుగుతాడా? నేనే చూడకుండా తోలాను."

"అబద్ధం! వాడు అబద్ధం చెబుతున్నాడు!"

"కామ్రేడ్ ఒస్మొన్, కూర్చో. నువ్వు కాపరివా? కాదు. మందకు బాధ్యుడివా? కాదు. నీ తప్పు రాసుకోవడానికి ఈ కాగితంలో గడి లేదు." అధ్యక్షుడు కాగితం తిప్పి చూపించాడు. నిజంగానే లేదు. అక్కడ కాపరి పేరుకే చోటుంది.

జెక్షెన్‌కు ఇక మంద లేదు. ఏడాది పాటు జిల్లా ఇటుకల బట్టీలో పని అని శిక్ష వేశారు. గౌరవ పలక మీంచి అతని బొమ్మ తీసేయమని ఒస్మొన్‌కే ఉత్తరువు వచ్చింది. మేకులు పీకుతుంటే దుకాణం వాడు అటుగా వచ్చాడు. మేకులు పట్టుకోవడానికి అరచెయ్యి చాపాడు.

బట్టీకి తీసుకుపోయే లారీ సోమవారం పొద్దున్న వచ్చింది. జెక్షెన్ సంచితో ఒస్మొన్ గదికి వచ్చాడు. విచారణ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోవడం అదే మొదలు. ఒస్మొన్ టీ కాచాడు. ఇద్దరూ తాగలేదు.

"ఉల్కాన్‌ని చూస్తుండు అన్నా."

"చూస్తాను."

"గొడ్డలికి కొత్త పిడి వెయ్యాలి. ఆమెకు బరువు సరిపోయేలా పొట్టిది."

"వేస్తాను." ఒస్మొన్ టీ గిన్నెను పక్కకు జరిపాడు. "ఎందుకు అలా చెప్పావురా?"

"ఇద్దరం బట్టీకి పోతే ఆమెకు పిడకలెవరు మోస్తారు?" అన్నాడు జెక్షెన్. నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తర్వాత, "ఆ ఫొటో ఏదీ? నేను చూడనేలేదు. అందరూ చూశారు," అన్నాడు.

"చూడకు."

"చూడనీ అన్నా."

ఒస్మొన్ సొరుగు తీసి ఇచ్చాడు. జెక్షెన్ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు. చేతివేళ్ళ చివర్లు ఇంకా మానలేదు, గుడ్డ కట్టి ఉన్నాయి. కింది నుంచి పైకి, మంద నడిచిన దారినే చూపుతో ఎక్కుతున్నట్టు, నిదానంగా చూశాడు. ఒకచోట ఆగి, ఫొటోను కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఇదేమిటి?"

కుడివైపు పైన, రాతిగోడ కింద, మెరుపు లేని చిన్న మచ్చ ఉంది. గింజంత ముదురు బూడిద రంగు. ఫొటో కడిగేటప్పుడు కాగితం చెడిందేమోననుకుని, దాన్ని గీకేద్దామని కూడా ఒస్మొన్ ఒకసారి అనుకున్నాడు.

"నీడ అయ్యుంటుంది," అన్నాడు.

"నీడ కాదు. పొద్దు ఇటువైపుంది, నీడ అటు పడాలి." జెక్షెన్ గుడ్డ కట్టిన వేలు దాని మీద పెట్టాడు. "బండ కింద చోటిది. తడిగాలి దీనికి తగల్లేదు. పెంకు కట్టలేదు. ఇది గడ్డి అన్నా."

బయట లారీ హారన్ మోగింది.

"తుపానులో మాకు చెయ్యి చాపితే చెయ్యి కనబళ్ళేదు. మేం ఆగిపోయిన చోటు ఇదిగో, ఇక్కడ." రెండో వేలు పెట్టాడు. రెండు వేళ్ళ మధ్య బియ్యపు గింజంత ఎడం ఉంది.

"ఎన్ని పట్టేవిరా అక్కడ?" అన్నాడు ఒస్మొన్. అడగకూడదని తెలిసే అడిగాడు.

జెక్షెన్ లెక్క వేస్తున్నట్టు పెదాలు కదిపాడు. ఫొటోను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

"అన్నీ," అన్నాడు.

లారీ మలుపు తిరిగి పోయాక కూడా ఒస్మొన్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. వీధిలో బురద. బురదలో ఎండ. అతని చేతులు కెమెరా కోసం కదల్లేదు.